రెండున్నర నిమిషాలు

మొన్నటిదాంక ఎండతోనే నడిచింది నా పని.
దేవరకొండల ఎండకేం కరువని
రేకుల మీద రాగి పలక, దాని మీద ఫిల్ము, ఫిల్ము మీద అద్దం,
చేతిల గడియారం.
మార్చిల మూడు నిమిషాలు,
మబ్బు పట్టిననాడు పదకొండో పన్నెండో,
ముసురు పడితే దుకాణం బంద్.
ఒకనాడు పావురమొకటి అద్దం మీద వాలి
కదలక నిలబడ్డది.
దాని కాలి నీడ అచ్చుపడ్డ బోర్డు
ఇంకా నా బల్ల సొరుగుల ఉన్నది.

అందుకని పెట్టె జేసిన.
మిఠాయి దుకాణంల ఈగలను కాల్చే మిషన్ పాడైతే
పాత ఇనుముకు పోకముందే అడిగి తెచ్చుకున్న,
దాంట్ల రెండు ఊదా ట్యూబులు ఇంకా బతికే ఉన్నయి.
ఇంకో రెండు, కండక్టరు లింగస్వామి
కోఠి నుంచి తువ్వాలల చుట్టి తెచ్చిండు,
బాలింత బిడ్డను తెచ్చినట్టు.
బత్తాయిలు పోయే చెక్కపెట్టెకు
లోపలంత పార్సిల్ బిర్యానీ వెండికాగితం,
మూతకు పాత స్కూటర్ సీటు స్పాంజి.
వేడెక్కితే ఇప్పటికీ తొక్క వాసనొస్తది.

అద్దం మాత్రం జహంగీర్ సాబ్ ఇచ్చిండు.
స్టూడియో మూసి తొమ్మిదేండ్లు.
ఫ్రేములకెల్లి ఎవరిదో పెండ్లి ఫోటో తీసి పక్కకు పెట్టి
"బాకీ కట్టలేదు, తీస్కపోలేదు. అద్దం నీది" అన్నడు.
ఎంతసేపు పెట్టాలె సాబ్ అంటే
"నన్నడిగితే ఏమొస్తది, వెలుగునడుగు."
నీలి పొర అంటించిన పలకను అట్టముక్కతోటి కప్పి
ముప్పై సెకండ్లకోసారి వేలెడంత జరుపుకుంట పోయిండు.
ఎర్రబల్బు కింద నలభై ఏండ్లు మెదిలిన చెయ్యి
నా పసుపుబల్బు కింద ఒణికింది,
లెక్క మాత్రం తప్పలేదు.
బట్టల సోడా నీళ్లల ముంచి రుద్దితే
మెట్లు మెట్లుగ తేలింది:
తక్కువ వెలుగు తాగిన కాడ గీతలే కొట్టుకపోయినయి,
ఎక్కువ తాగిన కాడ గీతా గీతా అతికి ముద్ద.
ఐదో మెట్టు కాడ మటుకు
వెంట్రుకకు వెంట్రుక ఏరినట్టు.
"రెండున్నర" అన్నడు.
మూత లోపల నెయిల్ పాలిష్ తోటి రాసుకున్న.

అసలు పలక లోపల పెట్టిన్నో లేదో
రమావత్ కేళి గడపల నిలబడ్డది.
ఇరవై దినాల సంది తిప్పించుకుంటున్న ఆమెను,
బోరు స్టార్టర్ బోర్డు కోసం.
కరెంటు పోయి వచ్చినప్పుడల్ల మోటరు తనకు తాను లేవదు.
అర్ధరాత్రి అయినా ఆమె లేవాలె,
బ్యాటరీ లైటు పట్టి చెల్క దాంక నడవాలె.
మూత సందులకెల్లి ఊదా వెలుగు గీతలా మీద పడితే
పైట అంచు తెల్లదారం మెరిసింది, నవ్వితే పండ్లు మెరిసినయి.
"ఇదేం మంట, కాగుతనే లేదు?"
కండ్లు పెట్టకవ్వా అంటుండంగనే
ఒక్క నిమిషం నలభై సెకండ్ల కాడ
కరెంటు పోయింది.

పోయిన కరెంటు తిరిగొస్తే మోటరును లేపాల్సిన బోర్డు,
అదే కరెంటు లేక సగంల పండుకున్నది.
ముందు కేళి నవ్వింది. ఆనక మేమిద్దరం.
"మూత తియ్యకు, ఫిల్ము కదుల్తది" చీకట్లకెల్లి సాబ్ గొంతు.
"యాభై సెకండ్లు ఇంకా బాకీ ఉన్నది మనకు."
ఉన్నం. చాయ్ తాగినం. కేళి మక్కల ధర చెప్పింది.
వచ్చినంక ట్యూబులు టకటక కొట్టుకొని వెలిగినయి,
ఆ టకటకను ఎంతని లెక్కగట్టాలె?
యాభైరెండు ఇచ్చిన.

బోర్డు వచ్చింది.
పాత ట్యూబు కిందికి పడ్డ మూలకు ఒక్క గీత
సన్నబడి సన్నబడి తెగింది.
రాగితీగ ముక్కతోటి అతుకేసిన. దాచలేదు,
కేళికి చూపించే ఇచ్చిన.

నిన్న పొద్దుగాల ఫోన్ చేసింది.
రాత్రి మూడుసార్లు పోయి వచ్చిందట కరెంటు.
ఎన్నిసార్లు లేచినవ్ అంటే
"ఎవరు, నేనా, మోటరా?" అన్నది.